సముద్రపు నాచు - కూరగాయల విత్తనము

నారుమడిలో వంగ విత్తనము చల్లిన రైతు నాలుగైదు దినములు గడచినది మొదలు మడిచుట్టు తిరుగుచుండును. మన్ను ఎక్కడ చిట్లినది, పచ్చని చుక్క ఎక్కడ కనుపించినది అని వంగి చూచుకొనును. మొలకలన్నియు ఒక్కసారిగా లేచినచో నారు ఒకేసారి నాటుటకు వచ్చును. అట్లుగాక కొన్ని నేడు, కొన్ని వారము తరువాత లేచినచో, ముందు లేచినవి ముదిరిపోవును. వెనుక లేచినవి వాటి నీడలో సన్నగిల్లును. కొన్ని గింజలు ఎన్నటికిని లేవవు. సంకరజాతి విత్తనములను గ్రాముల లెక్కన కొనుచున్న ఈ కాలములో మొలవని ప్రతి గింజయు రైతునకు నష్టమే.

ఈ నష్టమును తగ్గించుటకు అనేక ఉపాయములున్నవి. కాకర, బీర గింజలను రాత్రి నానవేసి ఉదయమున పాతుట మన పల్లెలలో అందరు ఎరిగినదే. వడ్లను నానబోసి మండె కట్టుట అంతకంటె ప్రసిద్ధము. ఇటీవలి దశాబ్దములలో ఈ ఉపాయములకు మరియొకటి తోడైనది. అది విత్తనమును వట్టి నీటిలో గాక, సముద్రపు నాచునుండి తీసిన సారమును కొద్దిగా కలిపిన నీటిలో నానవేయుట. సముద్రములో పెరుగు నాచునకును, నేలపై మొలచు వంకాయ గింజకును సంబంధమేమి? ఆ సారము విత్తనమునకు నిజముగా సాయపడునా? పడినచో ఎంతవరకు? ఈ ప్రశ్నలను విచారింతము.

విత్తనము మేల్కొనుట

ఎండిన విత్తనము చచ్చినది కాదు, నిద్రించుచున్నది. దానిలో పిండమును, ఆ పిండము కొరకు తల్లిమొక్క దాచియుంచిన ఆహారమును ఉన్నవి. నీరు తగిలినంతనే విత్తనము దానిని వేగముగా పీల్చుకొని ఉబ్బును. ఇది మొదటి దశ. ఇది కేవలము భౌతికచర్య. చచ్చిన గింజ కూడ నీటిలో వేసిన ఉబ్బును. రెండవ దశలో పైకి ఏమియు కనుపించదు గాని లోపల గొప్ప సందడి జరుగును. శ్వాసక్రియ పెరుగును, ఎంజైములు పుట్టును, గట్టిగా నిలువచేయబడిన పిండిపదార్థము, మాంసకృత్తులు, నూనెలు కరిగి పిండమునకు ఆహారమగును. మూడవ దశలో తొలివేరు పైతోలును చీల్చుకొని వెలికి వచ్చును. దీనినే మనము మొలక అనుచున్నాము.

రెండవ దశను నడిపించునవి వృద్ధి హార్మోనులు. బార్లీ గింజలో ఈ వ్యవహారము చక్కగా తెలియవచ్చినది. నీరు పీల్చుకొన్న పిండము జిబ్బరెల్లిన్ అను హార్మోనును పంపును. అది గింజ అంచుననున్న పలుచని కణముల పొరను చేరి, పిండిని చక్కెరగా మార్చు ఎంజైమును తయారుచేయించును. దీనికి ఎదురు పనిచేయునది అబ్‌సిసిక్ ఆమ్లము. విత్తనమును నిద్రలో ఉంచునది ఇదియే. ఆక్సిన్, సైటోకైనిన్ అను మరి రెండు రకముల హార్మోనులు కణముల సాగుదలకును, విభజనకును తోడ్పడును. మొలకెత్తుట అనగా ఈ రెండు పక్షముల మధ్య తూకము మారుట. ఆ తూకము ఒకవైపు మొగ్గుటకు హార్మోను కొండంత అవసరము లేదు; ఆవగింజలో వెయ్యవవంతు చాలును. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

ఎంత మంచి విత్తనమైనను నూటికి నూరు మొలవదు. మన దేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణముల ప్రకారము టొమాటో, వంగ విత్తనములు నూటికి కనీసము 70 మొలవవలెను. బెండకు 65, మిరపకు, కాకరకు 60 చాలును. అనగా ధ్రువీకరించిన మిరప విత్తనములో కూడ నూటికి 40 గింజలవరకు మొలవకపోవచ్చునన్నమాట. నాచు సారము వలన లాభముండునా అని వెదకదగిన చోటు ఇదియే.

సముద్రపు నాచు

సముద్రపు నాచులు శైవలముల జాతికి చెందినవి. వాటికి పువ్వు లేదు, గింజ లేదు, నిజమైన వేరు లేదు. రాతిని కరచిపట్టుకొని, తమకు కావలసిన లవణములను దేహమంతటితోను సముద్రజలమునుండియే గ్రహించును. రంగును బట్టి వీటిని ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు అని మూడు తెగలుగా విభజింతురు. విశాఖపట్నము, భీమునిపట్నము తీరమునందలి రాళ్లపై అలలు వెనుకకు పోయినప్పుడు చూచినచో ఈ మూడు తెగలవియు కనుపించును. పలుచని పచ్చని ఆకువలె నుండునది అల్వా. కొమ్మలకు చిన్న గాలిబుడగలు కట్టుకొని గోధుమరంగున నుండునది సర్గాసం. ఎఱ్ఱని పోగులవలె నుండునది గ్రాసిలేరియా. మన దేశమున నాచునకు మిక్కిలి పేరుపొందిన తావులు తమిళనాడునందలి మన్నారు సింధుశాఖయు, గుజరాతునందలి ఓఖా తీరమును.

నాచును పొలమునకు వేయుట క్రొత్త సంగతి కాదు. ఐర్లండు పడమటి తీరమునందలి ఆరన్ దీవులలో నేలయంతయు రాయి. అచ్చటి ప్రజలు ఆ రాతిపై ఇసుకను, సముద్రపు నాచును పొరలు పొరలుగా పరచి మన్ను తయారుచేసికొని, అందులో బంగాళాదుంపలు పండించిరి. ఫ్రాన్సునందలి బ్రిటనీ తీరపు రైతులకును ఈ అలవాటు చిరకాలముగా కలదు. అయితే బండ్లకొలది నాచును తీరమునుండి దూరమునకు మోయుట సాధ్యము కాదు. ఇంగ్లండులో రెజినాల్డ్ మిల్టన్ అను శాస్త్రవేత్త నాచును క్షారముతో ఉడికించి ద్రవరూపమైన సారమును తీయు పద్ధతిని కనిపెట్టి 1952లో పేటెంటు పొందెను. అప్పటినుండి బండెడు నాచునకు బదులు సీసాడు సారము ప్రయాణము చేయసాగెను.

మన దేశములో ఈ కృషి ముఖ్యముగా భావనగరమునందలి కేంద్ర లవణ, సముద్ర రసాయన పరిశోధన సంస్థలో జరిగినది. ఈ సంస్థ 1954లో ప్రారంభమైనది. కప్పాఫైకస్ అను ఎఱ్ఱనాచునుండి కారజీనన్ అను జిగురు పదార్థమును తీయుదురు. సాధారణముగా నాచును ఎండబెట్టి అమ్ముదురు. దానిని పచ్చిగా ఉన్నప్పుడే నలిపి పిండినచో రసము వేరుగాను, పిప్పి వేరుగాను వచ్చునని, రసము పైరులకును, పిప్పి జిగురునకును పనికివచ్చునని ఈ సంస్థవారు చూపిరి. ఈ పద్ధతికి 2005లో అమెరికా పేటెంటు లభించినది. చెరకునుండి రసము, పిప్పి రెండును ఉపయోగపడినట్లే ఇదియును.

ఉప్పు మాట ఏమి?

సముద్రమునుండి వచ్చినదానిలో ఉప్పుండదా, అది విత్తనమును చంపదా అని విద్యార్థి అడుగవచ్చును. మంచి ప్రశ్న. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములుండును. నీరు లవణము తక్కువగానున్న చోటినుండి ఎక్కువగానున్న చోటికి పోవునని ద్రవాభిసరణ పాఠములో చదివితిమి. కనుక ఉప్పునీటిలో పడిన విత్తనము మొలకకు వలసినంత నీటిని పీల్చుకొనజాలదు. అయినను అది వెంటనే చావదు. చార్లెస్ డార్విన్ 87 రకముల విత్తనములను ఉప్పునీటిలో ముంచియుంచి, 28 దినముల తరువాత వాటిలో 64 రకములు మొలకెత్తినవని 1859లో తన గ్రంథమున వ్రాసెను. గింజలు సముద్రముపై తేలి దూరపు దీవులను చేరగలవా అని తెలిసికొనుటకు ఆయన ఈ పరీక్ష చేసెను. మనకు దీనివలన తెలియునది ఇది: ఉప్పు చాలవరకు విత్తనమును ఆపును గాని వెంటనే చంపదు.

కాబట్టి సారము తీయుటకు ముందు నాచును మంచినీటితో బాగుగా కడుగవలెను. అటుపైని సారమును చాల పలుచన చేయవలెను. ఈ రెండును చేయనిచో నాచు సారమను పేరుతో విత్తనమునకు ఉప్పునీరు పోసినట్లగును.

సారములో ఏమున్నది?

నాచు సారములో పొటాషియము మొదలగు లవణములు, గోధుమరంగు నాచులలో ఆల్జినేటు, లామినారిన్, మానిటాల్ వంటి పిండి, చక్కెర జాతి పదార్థములు, బీటైనులు, కొద్దికొద్దిగా ఆక్సిన్, సైటోకైనిన్ హార్మోనులు ఉన్నవి. మొలకను నిరోధించు అబ్‌సిసిక్ ఆమ్లమును, ఒగరు పదార్థములును కూడ కొన్నిటిలో ఉండును. అనగా ఒకే సీసాలో తోడ్పడునవియు, అడ్డుపడునవియు కలిసియున్నవి.

ఈ సారము ఎరువువలె పనిచేయదు. మొలకెత్తు విత్తనమునకు కావలసిన ఆహారము దానిలోనే ఉన్నది. పైనుండి తిండి పెట్టవలసిన పని లేదు. మరియు పలుచన చేసిన సారములో ఎరువు అనదగినంత పదార్థము ఉండదు. మరి ఎట్లు పనిచేయును? మొదట దానిలోని హార్మోనులే కారణమని అనుకొనిరి. కాని 2013లో కెనడా శాస్త్రజ్ఞులు ఆస్కోఫిల్లం అను గోధుమరంగు నాచు సారమును పరీక్షించి, అందులోని హార్మోనులు మొక్కపై కనుపించు ఫలితమునకు చాలనంత స్వల్పమనియు, సారములోని ఇతర పదార్థములు మొక్కనే ప్రేరేపించి దాని స్వంత హార్మోనుల తూకమును మార్చుచున్నవనియు ప్రకటించిరి. వారు పరీక్షించినది ఒక చిన్న ఆవజాతి మొక్కపై. అన్ని నాచులకు, అన్ని విత్తనములకు ఇదే వర్తించునని చెప్పరాదు. అయినను దారి ఇటువైపని తోచుచున్నది.

పాలకు తోడు పెట్టుట తెలిసినదే. కడవెడు పాలకు చెంచాడు మజ్జిగ చాలును. మజ్జిగ ఎక్కువ పోసినంత మాత్రమున పెరుగు మేలగునా? పులిసిపోవును. నాచు సారము కూడ తోడు వంటిదే. మజ్జిగలో జీవించు సూక్ష్మజీవులు పెరుగును, సారములో అట్టివేమియు పెరుగనక్కరలేదు. ఆ భేదము తప్ప, కొంచెముతో పని జరుగుట, ఎక్కువైన చెడుట రెండింటికిని సమానము.

మోతాదే మర్మము

2014లో ప్రచురితమైన మెక్సికో దేశపు పరిశోధన ఒకటి దీనికి మంచి ఉదాహరణము. టొమాటో విత్తనములపై నాలుగు రకముల నాచుల సారములను 0.2, 0.4, 1.0 శాతముల చొప్పున పరీక్షించిరి. వాటిలో అల్వా, పడైనా అను రెండింటి సారములు, అదియును అన్నిటికంటె పలుచనిదైన 0.2 శాతపు మోతాదులో, విత్తనములను త్వరగా మొలిపించి మొలకలకు బలమిచ్చినవి. నాలుగింటిని కలిపి నాచు అను ఒకే పేరుతో పిలిచినను, నాలుగును ఒకే ఫలితము నీయలేదు.

మన పొరుగున తమిళనాడులో అలసంద విత్తనములపై జరిగిన పరిశోధన 2006లో ప్రచురితమైనది. అందు సర్గాసం నాచు సారము 20 శాతముగా కలిపినప్పుడు మొలకలు బాగుగా పెరిగినవి. ఒకచోట 0.2, మరొకచోట 20! ఏది నిజము? రెండును నిజమే. నాచు వేరు, విత్తనము వేరు, సారము తీసిన విధము వేరు. శాతమను మాట వినినంతనే దేనిలో శాతము అని అడుగవలెను. ఒకరు చిక్కని సారమును నూరుగా ఎంచవచ్చును, మరొకరు పలుచని కషాయమును నూరుగా ఎంచవచ్చును. అందుచేత ఒకరి మోతాదు మరొకరికి పనికిరాదు. ఎవరి విత్తనమునకు వారు చిన్న పరీక్ష చేసికొనుటయే మార్గము.

పాఠశాలలో ఒక పరీక్ష

ఈ పరీక్షకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. తీరమునకు సమీపమున ఉన్నవారు ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన తాజా నాచును ఏరుకొనవలెను. రాళ్లపై బ్రతికియున్నదానిని పీకరాదు. అది చేపపిల్లలకును, అనేక చిన్న జీవులకును ఆశ్రయము. మన్నారు సింధుశాఖలో కొంతభాగము 1986నుండి సముద్ర జాతీయవనముగా రక్షింపబడుచున్నది కూడ ఇందుకే. తీరమునకు దూరముగా ఉన్నవారు బజారులో దొరకు ద్రవసారమును వాడవచ్చును.

నాచును మూడు నాలుగు పర్యాయములు మంచినీటితో కడిగి, ఇసుక పోగొట్టి, ముక్కలుగా కోయవలెను. 250 గ్రాముల ముక్కలకు 250 మిల్లీలీటర్ల నీరు చేర్చి ఒక గంట సేపు సన్నని సెగపై ఉడికించవలెను. నీరు ఇగిరిపోకుండ మూతపెట్టవలెను. చల్లారిన తరువాత బట్టతో వడగట్టిన కషాయమును నూరు శాతముగా ఎంచుకొందము. ఇది త్వరగా చెడిపోవును, కనుక ఆ దినముననే వాడవలెను.

టొమాటో విత్తనము గ్రాముకు సుమారు 300 గింజలు తూగును. మూడు గ్రాములు చాలును. రంగు పూసిన విత్తనమును తీసికొనరాదు, దానికి మందు పట్టించియుందురు. గింజలను ఆరు భాగములుగా, భాగమునకు నూరు చొప్పున లెక్కపెట్టవలెను. మొదటి భాగమును నానవేయరాదు. రెండవదానిని వట్టి నీటిలోను, మూడవదానిని 1 శాతపు కషాయములోను, నాలుగవదానిని 5 శాతములోను, ఐదవదానిని 20 శాతములోను, ఆరవదానిని పలుచన చేయని కషాయములోను, అన్నిటిని ఒకే చోట ఎనిమిది గంటలు నానవేయవలెను. 1 మిల్లీలీటరు కషాయమునకు 99 మిల్లీలీటర్ల నీరు చేర్చినచో 1 శాతమగును, తక్కినవియు అట్లే.

తరువాత ప్రతి భాగమును 25 గింజల చొప్పున నాలుగు సాసరులలో, తడిపిన అద్దుడుకాగితముపై పరచవలెను. అప్పటినుండి అన్నిటికిని వట్టి నీరే చిలుకరింపవలెను. సాసరులపై గుర్తులు వేసి, నీడపట్టున, ఒకే వెచ్చదనములో ఉంచవలెను. ప్రతిదినము ఒకే వేళకు, తొలివేరు వచ్చిన గింజలను లెక్కించి పుస్తకమున వ్రాసి, వాటిని తీసివేయవలెను. టొమాటోకు 14 దినములు చూచినచో చాలును.

వట్టి నీటిలో నానవేసిన భాగమును మరచిపోరాదు. ఈ పరీక్షకు ప్రాణము అదియే. నానవేయని గింజతో కషాయపు గింజను పోల్చినచో, కనుపించిన మేలు నీటివలన కలిగినదో, నాచువలన కలిగినదో తెలియదు. నీటి గింజకంటె కషాయపు గింజ మేలైనప్పుడే నాచునకు ఆ ఖ్యాతి దక్కవలెను.

ఫలితమును చదువుట

ఎన్ని మొలచినవి అను ఒక్క లెక్క చాలదు. ఎంత త్వరగా మొలచినవి అనునది కూడ చూడవలెను. లెక్క తెలియుటకు ఊహించిన అంకెలు తీసికొందము. ఒక సాసరులోని 25 గింజలలో మూడవ దినమున 4, నాలుగవ దినమున 8, అయిదవ దినమున 5, ఆరవ దినమున 3, మొత్తము 20 మొలచినవనుకొందము. దినమును గింజలతో హెచ్చించి కూడినచో 12, 32, 25, 18 కలిసి 87 అగును. 20 చేత భాగించిన 4.35 దినములు. ఇది సగటు మొలక కాలము. మరొక సాసరులో అవే దినములలో వరుసగా 9, 8, 2, 1 మొలచినవనుకొందము. మొత్తము ఇక్కడను 20. కాని సగటు 75ను 20 చేత భాగించగా 3.75 దినములు. రెండింటిలోను నూటికి 80 మొలచినవి. అయినను రెండవ సాసరులోని నారు సమముగా పెరుగును. నాచు సారపు మేలు కొన్నిసార్లు మొలకల సంఖ్యలో గాక ఈ త్వరలోను, సమత్వములోను కనుపించవచ్చును. సంఖ్యను మాత్రమే చూచువాడు దానిని గమనింపడు.

మరియొక హెచ్చరిక. ఒక భాగములో నూటికి 80, మరొక భాగములో 84 వచ్చినంతనే పండుగ చేసికొనరాదు. ఒకే సంచిలోని గింజలను రెండు నూర్లుగా విభజించి ఒకే నీటిలో వేసినను అంత భేదము సహజముగా రావచ్చును. నూరు గింజల పరీక్షలో పది పన్నెండుకు మించిన భేదము, అదియును మరల చేసినప్పుడు మరల వచ్చినచో, అప్పుడే దానిని నమ్మవచ్చును. విత్తన పరీక్షాశాలలు 400 గింజలను తీసికొనుట ఇందుకే. పలుచన చేయని కషాయములో మొలకలు తగ్గినచో విద్యార్థులు నిరుత్సాహపడనక్కరలేదు. మోతాదును గురించి పైన చెప్పినదంతయు వారి కన్నుల ఎదుట ఋజువైనట్లే.

సారము చేయలేనిది

నాచు సారము చచ్చిన విత్తనమును బ్రతికింపదు. పాతబడి, చెమ్మ తగిలి, పురుగు తిని పిండము చెడిన గింజకు ఏ తోడును పనిచేయదు. మడి ఎండిపోయినను, నీరు నిలిచినను, తెగులు తగిలినను సారము వాటికి మందు కాదు. బలముగా ఉన్న క్రొత్త విత్తనము వట్టి నీటిలోనే చక్కగా మొలచును. దానికి సారము చేర్చినను భేదము కనుపించకపోవచ్చును. బ్రతికియుండియు మందకొడిగా నున్న విత్తనమునకు, చలిగానున్న దినములలో నెమ్మదిగా లేచు మొలకకు ఇది సాయపడు అవకాశము ఎక్కువ.

ఈ హద్దులను చెప్పక, సీసాపై పెద్ద మాటలు వ్రాసి అమ్మువారు ఉందురు. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వును సవరించి, నాచు సారములతో సహా జీవోత్ప్రేరకములనన్నిటిని దాని క్రిందికి తెచ్చినది. ఇది రైతునకు కొంత రక్షణ. కాని ఉత్తర్వు ఏదైనను, తన విత్తనమునకు, తన మడికి అది పనికివచ్చునా అను ప్రశ్నకు ఉత్తరము సీసాపై ఉండదు. ఆ ఉత్తరము ఇరువదినాలుగు సాసరులలో, పదునాలుగు దినములలో లభించును.

ఉన్నత పాఠశాలలోని విద్యార్థులు చాలమంది రైతుబిడ్డలే. నారు పోయు కాలమునకు ఒక నెల ముందు ఈ పరీక్ష చేసి, లెక్కలు ఇంటికి తీసికొనిపోయినచో పెద్దలు సీసా కొనవలెనో, రాత్రి నానవేసిన వట్టి నీరే చాలునో అంకెలు చూచి నిశ్చయించుకొందురు. ఏ నిర్ణయమునకు వచ్చినను ఆ సంవత్సరము మడిలో కొన్ని గింజలు మిగులును.